గవిని దగ్గర చెప్పగలిగే ధర

“అయ్యగారూ, కొత్త కారు తీసుకున్నాం. సాయంత్రం వచ్చి ప్రార్థన చేయాలి.” సంఘ కాపరులుగా మాకు ఈ పిలుపు తరచుగా వస్తుంది. వెళ్తాం. బానెట్ మీద చెయ్యి పెట్టి, రాకపోకల్లో కాపాడమని దేవుణ్ణి వేడుకుంటాం. మిఠాయి పెడతారు. “దేవుడు చాలా చవగ్గా ఇప్పించాడండీ” అని ఒకరంటే, “షోరూంవాళ్లు నిలువునా దోచుకున్నారండీ” అని ఇంకొకరు వాపోతారు. ఇన్నేళ్ల పరిచర్యలో కారు కొన్నాక ప్రార్థనకు పిలిచినవాళ్లే తప్ప, కొనబోయేముందు “బేరం ఎలా ఆడమంటారు?” అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. మేమూ చెప్పలేదు. బేరసారాలకూ భక్తికీ సంబంధం లేదన్నట్టు ఊరుకున్నాం. మా సంఘమే వాహనం కొనవలసి వచ్చినప్పుడు గాని ఆ తప్పు మాకు తెలిసిరాలేదు.

బైబిలులో మొదటి క్రయవిక్రయ పత్రం లాంటిది ఆదికాండం 23వ అధ్యాయం. శారా చనిపోయింది. ఆమెను పాతిపెట్టడానికి అబ్రాహాముకు అక్కడ జానెడు నేల లేదు. హెబ్రోను గవిని దగ్గర హేతు కుమారుల ముందు నిలబడి, మక్పేలా గుహను నిండు వెలకు ఇప్పించమని అడిగాడు. అతడు అడిగింది పొలం చివరనున్న గుహను మాత్రమే. ఎఫ్రోను గుహతోపాటు పొలాన్నీ కలిపి, ఊరికే ఇస్తానన్నాడు. అబ్రాహాము ఒప్పుకోకపోయేసరికి, మనలో మనకు అదెంతలే అన్నట్టుగా నాలుగు వందల తులాల వెండి అని ఒక అంకె జారవిడిచాడు (ఆది 23:15). ఆ మర్యాదను మనం గుర్తుపడతాం. షోరూంలో చల్లని నీళ్లిచ్చి, “మీలాంటి పెద్దలతో లాభం చూసుకుంటామా సార్” అంటూ కాగితం మీద అంకె వేసే మర్యాద కూడా అదే కుదురులోది. గుహ అడిగితే పొలం కలిపినట్టే, కారు అడిగితే సీటు కవర్లూ, పాలిషూ, పొడిగించిన వారంటీ కలుపుతారు.

అబ్రాహాము బేరమాడలేదు. అడిగినంతా తూచి ఇచ్చాడు. అది ఎక్కువ ధరేనని చాలామంది వ్యాఖ్యాతలంటారు. “చూశారా, విశ్వాసి బేరమాడకూడదు, దేవుడు చూసుకుంటాడు” అనేవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. కానీ ఈ అబ్రాహామే అయిదు అధ్యాయాల ముందు సొదొమ కోసం దేవునితోనే యాభై నుంచి పది దాకా మెట్టుమెట్టుగా దిగాడు (ఆది 18:24-32). అతనికి అడగడం రాక కాదు. సొదొమ విషయంలో ఇతరుల ప్రాణాలకోసం అడిగాడు. మక్పేలా దగ్గర పరదేశిగా, రేపు ఎవరూ వేలెత్తి చూపలేని హక్కు కావాలనుకుని అడిగినంతా ఇచ్చాడు. పొలమూ, గుహా, పొలంలోని చెట్లూ, దాని సరిహద్దులూ అన్నీ పేరుపేరునా లెక్కకొచ్చాయి. ఊరంతా సాక్షి (ఆది 23:17, 18). బేరమాడాలా వద్దా అన్నదానికి ఈ అధ్యాయం ఆజ్ఞ ఇవ్వదు. కొన్నదేమిటో, ఇచ్చిందెంతో నలుగురి ముందూ చెప్పగలిగేలా కొనమని మాత్రం నేర్పుతుంది.

ఇక మా సంగతి. మాది విజయవాడలో బుడమేరు పొంగి ముంచిన పేటలకు దగ్గరగా ఉన్న సంఘం. ముసలివాళ్లను ఆరాధనకు తీసుకురావడానికీ, చుట్టుపక్కల ఊళ్లకు పరిచర్యకు వెళ్లడానికీ ఒక పాత వ్యాను ఉండేది. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదలో అది సీట్ల పైదాకా మునిగింది. బీమా థర్డ్ పార్టీది మాత్రమే. సొంత వాహనానికి జరిగిన వరద నష్టాన్ని ఆ బీమా ఇవ్వదు. తెలిసిన మెకానిక్కు చేత ఇంజను విప్పించి, వైరింగు మార్పించి మళ్లీ నడిపాం. ఏడాది నడిచింది. దారిలో ఆగిపోవడం ఎక్కువయ్యాక, కొత్తది కొనాలని సంఘ పెద్దలు తీర్మానించారు.

ఆ డబ్బు ఎక్కడిదో కూడా చెప్పాలి. కొంత కానుకల్లోది. రెండు లక్షల పైచిలుకు మాత్రం మా స్త్రీల సమాజం మూడేళ్లపాటు కూడబెట్టిన గుప్పెడు బియ్యం సొమ్ము. పూటకూ ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తెచ్చే అలవాటు మన సంఘాలకు కొత్త కాదు. వరదలో బియ్యం బస్తాలు తడిసి ముద్దయిన ఇళ్లలోనూ ఆ గుప్పెడు ఆగలేదు. ఆ డబ్బుతో షోరూంకు వెళ్లి, అడగడానికి మొహమాటపడి, పాతికవేలు ఎక్కువ ఇచ్చి వస్తే దాన్ని ఔదార్యం అనలేం. ఎవరిదో గుప్పెడును మన మొహమాటానికి ఖర్చు పెట్టడమే అది. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు (లూకా 14:28). లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు.

2025 అక్టోబరులో నలుగురం వెళ్లాం. అంతకు కొద్దిరోజుల ముందే, సెప్టెంబరు 22 నుంచి, కార్లపై జీఎస్టీ మారింది. నాలుగు మీటర్లు మించని, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లపై 28 శాతమూ పైన సెస్సూ ఉన్నది 18 శాతమైంది. పెద్ద కార్లకు సెస్సు పోయి 40 శాతమైంది. అందువల్ల ఎప్పటి ధరల పట్టిక చూపిస్తున్నారన్నది మొదట అడగవలసిన ప్రశ్న. ఇక ఇచ్చిన కాగితంలో ఎక్స్‌షోరూం ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ తర్వాత మరికొన్ని పద్దులున్నాయి. బీమా 52,000. యాక్సెసరీల ప్యాకేజీ 26,000. హ్యాండ్లింగ్ ఛార్జీలు 7,500. కింద మొత్తం కలిపి ‘ఆన్‌రోడ్’ అని ఒకే పెద్ద అంకె.

ఆ ఒక్క అంకె మీద బేరమాడితే ఓడిపోతాం. ఒకచోట తగ్గించి ఇంకొకచోట కలపడం సులువు. కారు ధర, పాత బండి విలువ, అప్పు, బీమా యాక్సెసరీల వంటి అదనాలు. ఇవి నిజానికి నాలుగు వేర్వేరు బేరాలు. వీటిని విడదీసి, ఒక్కొక్కటి కాగితం మీద రాయించుకోవాలి. ఎక్స్‌షోరూం ధర, పన్ను అందరికీ ఒకటే. అక్కడ కంపెనీ ఇచ్చే తగ్గింపులు, ఎక్స్‌ఛేంజ్ బోనస్, నెలాఖరు తగ్గింపు ఏమున్నాయో అడగాలి. నెలాఖరులో, మార్చిలో షోరూంవాళ్లకు టార్గెట్లుంటాయి. డిసెంబరు దాటాక నిరుటి తయారీ బండ్లు మిగిలితే వాటికి తగ్గింపు ఎక్కువ. కానీ తిరిగి అమ్మేటప్పుడు ఆ తయారీ సంవత్సరమే లెక్కకొస్తుంది. ఎక్స్‌షోరూం ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ తీసుకుంటారు. అది షోరూం లాభం కాదు, మన ఆదాయపు పన్ను లెక్కలో జమ అయ్యేది.

బీమా షోరూంలోనే కొనాలన్న నియమం లేదు. ఫలానా చోటే తీసుకోమని వాహన డీలరు బలవంతపెట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల సారాంశం. మేము అదే ఐడీవీకి, అవే కవరేజీలకు బయట అడిగితే 38,500 అన్నారు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. సొంత నష్టం బీమా ఏడాదికే తీసుకోవచ్చు. రెండు కోట్‌లను పోల్చేటప్పుడు ఈ రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. ప్రీమియం తక్కువని మురిసిపోయి, ఐడీవీ తగ్గించిన పాలసీ తెచ్చుకుంటే నష్టం మనదే.

అప్పు సంగతి మా సంఘంలోని ఒక సహోదరుని అనుభవం నేర్పింది. పాత కారు కొనడానికి అయిదు లక్షలు తీసుకున్నాడు. “ఏడు శాతమే” అన్నారు. అది ఫ్లాట్ వడ్డీ. అయిదేళ్లకు 1,75,000 వడ్డీ, నెలకు 11,250 కిస్తీ. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం అయిదు లక్షల మీదే వేశారు. తగ్గే బాకీ లెక్కన చూస్తే అది సుమారు 12.5 శాతం. ఎవరూ అబద్ధం చెప్పలేదు, నిజం మాత్రం దాగింది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కొత్త రుణాలకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును చూపే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. సంతకానికి ముందు ఆ కాగితం అడగండి. యిర్మీయా చెరసాల ప్రాంగణంలో ఉండి అనాతోతు పొలం కొన్నప్పుడు పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, ముద్ర వేసిన ప్రతి ఒకటి, విప్పి చదువుకోదగిన ప్రతి ఒకటి మట్టికుండలో దాయించాడు (యిర్మీయా 32:9-14). పట్టణం కూలబోతోందని తెలిసిన ప్రవక్త కూడా కాగితాల దగ్గర తొందరపడలేదు.

ఇంతవరకూ చెప్పింది అమ్మేవాడి నుంచి మనల్ని మనం కాపాడుకోవడం గురించి. వాక్యం అక్కడ ఆగదు. కొనేవాడు సరుకు బాగాలేదు, బాగాలేదు అంటాడు, కొనుక్కుని వెళ్లాక గొప్పలు చెప్పుకుంటాడు అన్న భావం సామెతల గ్రంథంలో ఉంది (సామెతలు 20:14). మన పెద్దలు “అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” అన్నారు. దొంగ త్రాసు యెహోవాకు అసహ్యమని (సామెతలు 11:1) వ్యాపారులకు చెప్తాం. కొనేవాడి నోట్లోనూ ఒక దొంగ త్రాసు ఉంటుందని మాత్రం మరచిపోతాం.

ఆ త్రాసు ఆ రోజు మా దగ్గరే ఉంది. పాత వ్యానును ఎక్స్‌ఛేంజికి చూడటానికి షోరూం కుర్రాడు ఒకడు వచ్చాడు. చుట్టూ తిరిగి, తలుపులు తీసి, కార్పెట్టు ఎత్తి చూశాడు. మెకానిక్కు పని శుభ్రంగా చేశాడు. “వరదలో గానీ మునిగిందా అండీ?” అని అడిగాడు. మా పెద్దల్లో ఒకరు వెంటనే “లేదు బాబూ, మెరక మీదే పెడతాం” అన్నారు. మేము పక్కనే ఉన్నాం. మా నోట అబద్ధం రాలేదు, నిజమూ రాలేదు. కుర్రాడు 1,60,000 రాశాడు. కారెక్కాక ఆ పెద్ద మనిషి “దేవుని సొమ్మండీ అయ్యగారూ, మన సొంతానికా?” అన్నారు. అప్పుడూ మేము మాట్లాడలేదు. హ్యాండ్లింగ్ ఛార్జీల పేరుతో 7,500 అడిగారని మండిపడిన మేమే అంతకు ఎన్నో రెట్లు మౌనంగా సంపాదించుకున్నాం.

ఆ రాత్రి కమిటీలో లెక్క చెప్పాం. అందరూ సంతోషించారు. స్త్రీల సమాజం తరఫున వచ్చిన ఒక మామ్మగారు మాత్రం, “మరి మునిగిందని చెప్పారా అయ్యగారూ?” అని అడిగారు. చెప్పలేదన్నాం. “ఆ బండి కొనుక్కునేవాడూ పిల్లల్ని ఎక్కించుకుంటాడు కదయ్యా” అని ఊరుకున్నారు. నీళ్లు తాగిన వైరింగు ఎప్పుడు ఏం చేస్తుందో మాకు తెలుసు. దారిలో అది ఎన్నిసార్లు ఆగిపోయిందో ఇంకా బాగా తెలుసు. అందుకేగా అమ్ముతున్నాం!

లేవీయకాండం 25వ అధ్యాయాన్ని సెమినరీలో సునాద సంవత్సరపు పాఠంగా చదువుకున్నాం. అక్కడ వెల కట్టే సూత్రం ఒకటుంది. ఒకరినొకరు బాధించకుండా అమ్ముకోవాలి, కొనుక్కోవాలి. ఇంకా ఎన్ని పంటల సంవత్సరాలు మిగిలాయో అంత వెల. ఎక్కువ మిగిలితే ఎక్కువ, తక్కువ మిగిలితే తక్కువ (లేవీ 25:14-16). పాత వాహనానికి ఇంతకన్నా సరైన లెక్క ఏదుంది? మేము దాచింది ఆ మిగిలిన ఏళ్ల సంఖ్యనే. వరద సంగతి దాచి, లేని పంటలను అమ్మాం.

మర్నాడు మళ్లీ వెళ్లాం. నిన్న జవాబిచ్చిన పెద్ద మనిషి కూడా వచ్చారు. ఆయనను అందుకు మెచ్చుకోవాలి. వ్యాను ఏ నెలలో మునిగింది, ఎంత లోతున, ఏమేమి మార్పించాం అన్నీ చెప్పి మెకానిక్కు బిల్లు చూపించాం. మేనేజరు ఏమీ అనలేదు. కంప్యూటర్లో ఏదో కొట్టి కొత్త కాగితం ఇచ్చాడు. 1,05,000. యాభై అయిదు వేలు తగ్గింది.

ఆ తర్వాత మా బేరం మొదలైంది. చిత్రంగా, ఇప్పుడు అడగడానికి నోరు పెగిలింది. హ్యాండ్లింగ్ ఛార్జీలు దేనికని అడిగాం. చట్టప్రకారం కట్టవలసినదైతే రసీదు మీద రాసివ్వండన్నాం. తీసేశారు. 26,000 ప్యాకేజీలో మాకు కావలసింది మ్యాట్లు, మడ్ ఫ్లాపులు మాత్రమే. 5,000 అయింది. బీమా బయట తీసుకున్నాం. నెలాఖరు తగ్గింపు 5,000 ఇచ్చారు. అన్నీ కలిపి 47,000 మిగిలాయి. పాత వ్యాను మీద తగ్గింది 55,000. అంటే నిజం చెప్పినందుకు ఎనిమిది వేలు చేతినుంచి పడ్డాయి. దేవుడు రెట్టింపు చేసి ఇచ్చాడని సాక్ష్యం చెప్పాలని కొందరి ఆశ. అలా జరగలేదు. కమిటీలో ఇద్దరికి ఇంకా కోపంగానే ఉంది. యథార్థతకు ఒక్కోసారి వెల కట్టవలసే వస్తుంది. దావీదు అరౌనా కళ్లాన్ని ఊరికే పుచ్చుకోక యాభై తులాల వెండి ఇచ్చి కొన్నది, తనకు ఖర్చు లేనిదాన్ని దేవునికి అర్పించకూడదనే కదా (2 సమూయేలు 24:24)! అబద్ధంతో మిగిలిన 55 వేలను మందిరపు పెట్టెలో వేసి ఉంటే అది ఎవరి అర్పణ అయ్యేది? తెలియక ఆ వ్యాను కొనుక్కునే పేదవాడిది.

గుంటూరు సీమలో 1842 నుంచి లూథరన్ సంఘాలకు పునాది పడింది. లూథరు విశ్వాసమూలమైన నీతి గురించి చెప్పింది మనకు కంఠతా వచ్చు. ఆయన 1524లో వ్యాపారం గురించి రాసింది తక్కువమందికి తెలుసు. సరుకు నాది కాబట్టి ఎంత ఎక్కువకు అమ్మగలిగితే అంతకు అమ్ముతానన్న వర్తకుల సూత్రాన్ని ఆయన ప్రేమకు విరుద్ధమని తప్పుపట్టాడు. అదే సమయంలో వర్తకుని శ్రమకూ, ఖర్చుకూ, నష్టభయానికీ తగిన ప్రతిఫలం న్యాయమేనన్నాడు. కొనేవాడికీ ఇది వర్తిస్తుంది. ఎంత తక్కువకు పిండగలిగితే అంతకు పిండుతానన్నదీ అదే సూత్రానికి రెండో ముఖం. డీలరుకు అద్దె ఉంది, జీతాలున్నాయి. మన ఎదుట నిలబడిన సేల్స్ కుర్రాడికి ధర తగ్గించే అధికారం లేదు, టార్గెట్ మాత్రం ఉంది. అతణ్ణి నలుగురిలో తిట్టడం బేరం కాదు. అధికారం ఉన్న మేనేజరును అడగండి. “పక్క షోరూంలో ఇంకా తక్కువకు ఇస్తామన్నారు” అని లేని కోట్‌ను పుట్టించకండి. ఉంటే కాగితం చూపండి. ఇష్టం లేకపోతే మర్యాదగా లేచి రండి. అవునంటే అవును, కాదంటే కాదు అనమన్న ప్రభువు మాట (మత్తయి 5:37) షోరూం గాజు తలుపు దగ్గర ఆగిపోదు.

మరి అవతలివాళ్లు అన్యాయం చేస్తే? ఊరుకోవడమే భక్తి అనుకోనక్కర్లేదు. పౌలు అవసరమైనచోట రోమా పౌరుడిగా తన హక్కును అడిగాడు (అపొ.కార్య. 22:25). వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. రసీదులు దాచుకుని, ఆవేశం లేకుండా ఫిర్యాదు చేయండి. మన తర్వాత వచ్చే అమాయకుడికి అది మేలు చేస్తుంది.

ప్రియ సహోదరులారా, న్యాయమైన ధర అంటే ఏమిటని అడిగితే మేము చెప్పగలిగింది ఇంతే. గవిని దగ్గర, అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ ఉండగా, ఏదీ దాచకుండా పైకి చదవగలిగిన ధరే న్యాయమైన ధర. అందులో మనం ఎక్కువ ఇచ్చి ఉండవచ్చు, తక్కువకు దక్కి ఉండవచ్చు. చదువుతున్నప్పుడు ఎవరి తలా వంగకూడదు. మేము మా కొనుగోలు కాగితాలూ, పాత వ్యాను రెండు అంచనాలూ మందిరం నోటీసు బోర్డు మీద అంటించాం. మొదటి అంచనా కాగితాన్ని అంటించేటప్పుడు మా చెయ్యి కాస్త వణికిన మాట నిజం.

కొత్త కారుకు ప్రార్థన చేయమని మీరు పిలిస్తే ఇక మీదట కూడా వస్తాం. అయితే ఒక మనవి. కొనబోయేముందు కూడా ఒకసారి పిలవండి. కొటేషన్ కాగితమూ, మీ పాత బండి సంగతులూ ముందు పెట్టుకుని కలిసి మోకరిద్దాం. ధర తగ్గించమని మాత్రమే కాదు, ఆ బేరంలో మన నోటి త్రాసు సరిగా ఉంచమనీ ప్రభువును అడుగుదాం.